బల్ల మీది మంచినీళ్ళు

రాజమండ్రి,
ఫిబ్రవరి 8, 2026.

బాబాయిగారికి కీర్తి నమస్కారాలు.

చాలా ఏళ్ళుగా ఒక ప్రశ్న నాతోపాటు తిరుగుతోంది. తన ఇంటి మురుగు నదిలోకి పోతుండగా, నది పాడైపోతోందని నలుగురిలో నిలబడి మాట్లాడే హక్కు మనిషికి ఉంటుందా? యూనివర్సిటీలో చదివేటప్పుడు ఇది వాదనకి పనికొచ్చే ప్రశ్న. నలభై ఆరేళ్ళు వచ్చాక అలా లేదు. కాలేజీలో కెమిస్ట్రీ పాఠం చెప్పి ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటే, ఆ నీళ్ళు ఎటు పోతున్నాయో చెవిలో వినపడుతోంది. మా అపార్ట్‌మెంటు పైపు వీధి కాలువలోకి, వీధి కాలువ పెద్ద మురుగుకాలువలోకి, అది పాత పడవలరేవు పక్కన గోదాట్లోకి. మీరైతే ఒక్క మాటలో తేల్చేస్తారు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

ఫోనులో అడిగేదాన్నే. మొన్న మీరు "ఏంటీ, ఏంటమ్మా" అంటుంటే, నేను అరుస్తుంటే, పక్క ఫ్లాటావిడ తలుపు కొట్టి "ఏమైందండీ, ఎవరైనా పోయారా" అని అడిగింది. మీ చెవి మిషను పెట్టెలోంచి బయటికి రాదని పిన్ని చెప్పింది. ఉత్తరమే నయం.

అసలు సంగతి ఇది. వచ్చే ఏడు పుష్కరాలు కదా, రేవు బాగుచేస్తున్నారు. గ్రానైట్ మెట్లు, దీపాలు, సెల్ఫీ దిగడానికి ఒక తామరపువ్వు. బాగానే ఉంది. మురుగుకాలువని ఏం చేస్తారండీ అంటే, పైన శ్లాబు వేసి మూసేస్తారట. కింద నుంచి మురుగు ఎప్పట్లాగే గోదాట్లో కలుస్తుంది, స్నానం చేసేవాళ్ళకి కనపడదు, అంతే. రేవులో పిండాలు పెట్టించే అప్పాజీగారు ఆచమనానికి వాటర్ టిన్ను తెచ్చి రాగి చెంబులో పోసుకుంటున్నారు. "ఎవరితోనూ అనకండమ్మా" అన్నారు. నేను మీతో అన్నాను.

ఆ మురుగుని శుద్ధి చేశాకే వదలాలి, లేదంటే ఆ శ్లాబు పడనివ్వం. ఇదీ మా పట్టు. మేమంటే నాతో కలిపి పిడికెడు మంది. రైతులెవరూ మా వెనక లేరు. ఇక్కడి నీళ్ళే బ్యారేజీ దాటి కాలువల్లోకి, మీ ఊరి మంచినీళ్ళ చెరువులోకి వస్తాయి. కాలువ మీద నీటి సంఘానికి మీరు ప్రెసిడెంటు. మార్చి ఎనిమిదో తారీకు ఆదివారం రేవులో సభ పెడుతున్నాం. మీరొచ్చి కూర్చుంటే చాలు, మాట్లాడక్కర్లేదు.

మన రొయ్యల చెరువుల సంగతి మనసులో పెట్టుకుని ఈ ప్రశ్న అడిగాననుకోకండి.

మీ అమ్మాయి,
కీర్తిప్రియ

*

రాజులగరువు, భీమవరం దగ్గర,
ఫిబ్రవరి 19.

కీర్తమ్మకి బాబాయి దీవెన. పిన్ని దీవెన వేరే. కలిపి రాస్తే ఊరుకోదు.

నీ ప్రశ్నకి జవాబు: ఉంటుంది. లేకపోతే ఈ జిల్లాల్లో నోరెత్తే మనిషే ఉండడు. ఒక్క మాట అన్నావు, రెండు మాటలయ్యేయి, ఏమీ అనుకోకు.

కానీ అమ్మా, నువ్వు అడిగింది నీ సింకు గురించి కాదు. "అనుకోకండి" అని రాసేవు చూడు, అప్పుడే అనుకున్నాను. చెరువులో రొయ్యలు పట్టుబడి అయ్యేక నీళ్ళు డ్రెయిన్లోకి వదులుతాం. ఆకాశంలోకి వదలలేం కదా. డ్రెయిను నిండితే పంటకాలువలోకి ఎక్కుతుంది. అది నాకూ తెలుసు, శివారు ఊళ్ళవాళ్ళకీ తెలుసు. మావాడు ఫణీంద్ర ఏదో గుంట తవ్వి నీళ్ళు తేర్చి వదలాలంటున్నాడు. ఆ గుంటకి ఒక చెరువు పోతుంది. ఏ చెరువు పోవాలో వాడూ నేనూ తేల్చుకునేసరికి ఇంకో పంట వచ్చేస్తోంది.

దాళ్వా వరికి నీళ్ళు వంతులు పెట్టేం. పొద్దున్న లేస్తే ఒకడు మా వంతు ముందన్నాడు, ఇంకొకడు వాడి తూము ఎత్తేసేడని. వీళ్ళ మధ్య చెవి మిషను పెట్టుకోమంటారు నన్ను. ఎందుకు, తిట్లు బాగా వినపడడానికా?

సభకి వస్తాను. నీ కోసం వస్తాను, గోదారి కోసం కాదు. గోదారి నన్ను పిలవలేదు. పిన్ని రొయ్యల పచ్చడి పంపిస్తానంటోంది. నీ ఉద్యమం వాళ్ళకి నా చెరువు రొయ్యలు పెట్టి, అవి తింటూ నా చెరువుని తిట్టించు.

బాబాయి,
విశ్వనాథరాజు

*

రాజమండ్రి,
మార్చి 10.

బాబాయిగారికి,

ఎందుకు చేశారు?

రెండు రోజులుగా నాలో నేను ఇదొక్కటే అడుగుతున్నాను. కలం పట్టుకుంటే ఇంకో మాట రావడం లేదు.

బల్ల మీద తెల్లగుడ్డ పరిచి గాజు గ్లాసుల్లో నీళ్ళు పెట్టింది నేనే. ప్రతి గ్లాసు ముందూ ఎక్కడి నీళ్ళో రాసిన అట్టముక్క ఉంది. మీరు ఎత్తింది మురుగుకాలువ కలిసే చోట పట్టిన నీళ్ళు. గుడ్డతోనూ, కాగితంతోనూ వడగట్టి, తేరనిచ్చి పెట్టాను. తేటగా కనపడినవన్నీ మంచినీళ్ళు కావని చూపించడానికి. ఆ మాట చెబుదామని మైకు తీసుకుంటున్నాను. మీరు కారు దిగారు, కండువాతో మొహం తుడుచుకున్నారు, బల్ల దగ్గరికి వచ్చారు. "బాబాయిగారూ, వద్దు, అవి తాగేవి కావు" అని మైకులోనే అరిచాను. మీరు నా వంక చూసి నవ్వి, గ్లాసు ఎత్తి పోసుకుని మొత్తం తాగేసి, "చల్లగా ఉన్నాయమ్మా" అన్నారు.

పక్కనే పేపరు అబ్బాయి కెమెరాతో ఉన్నాడు. నిన్నటి జిల్లా పేపరు చూశారు కదా. "గోదావరి నీళ్ళు తాగి అనుమానాలు తీర్చిన రైతు నాయకుడు." బొమ్మలో మీరు నవ్వుతున్నారు, వెనకాల నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. రేవు పనుల ఆఫీసులో ఆ బొమ్మ గోడకి అంటించారట. "మీ బాబాయిగారే తాగారు కదండీ మేడం, ఇంకా మాకెందుకండీ పరీక్షలు" అంటున్నారు. కాలేజీలో ప్రిన్సిపల్‌గారు పిలిచి, ఉద్యోగం చేసుకునేవాళ్ళకి ఇలాంటివెందుకన్నారు. "జీతం తీసుకుని వెళ్ళి తాగేది ఆ నీళ్ళేనండి" అని వచ్చేశాను. అక్కడ ధైర్యంగానే ఉన్నాను. ఇంటికొచ్చాక మీ నవ్వే గుర్తొచ్చింది.

ఇది ఫణీంద్ర ఆలోచనా? రాజమండ్రి మురుగు ఆపితే రేపు భీమవరం చెరువుల దగ్గరికి వస్తారని భయపడ్డారా? అలా అయితే ఆ మాట నాతో అనాల్సింది. నా బల్ల దగ్గరికి వచ్చి నన్ను నలుగురిలో నవ్వులపాలు చేయక్కర్లేదు.

మేం మానేస్తామనుకుంటే పొరపాటు. మిగిలిన గ్లాసులు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

కీర్తిప్రియ

*

రాజులగరువు,
మార్చి 27.

కీర్తికి,

ఉత్తరం అందింది. ఆలస్యంగా రాస్తున్నాను, కొంచెం పనుల్లో ఉన్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో.

మీ నాన్న పోయినప్పటి నుంచీ నిన్ను నా కూతురే అనుకున్నాను. ఫణీంద్ర ఆలోచనా అని అడిగేవు. వాడి ఆలోచన మీద, ఇంకొకడి ఆలోచన మీద నేను నీ గడప తొక్కను. అది నీకు తెలుసుననుకున్నాను.

నీ బల్ల మీద నీళ్ళు తాగినందుకు నేను ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోను. నీకు కూడా.

రేవు పనుల ఆఫీసు నుంచి మనిషి వచ్చేడు. మే నెలలో సభ పెడుతున్నారట, నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతారట. వస్తానన్నాను.

పిన్ని నీ ఉత్తరం చదివి రెండు పూటలు నాతో మాట్లాడలేదు. నేనేం చేసేనో నాకు తెలీదు.

విశ్వనాథరాజు

*

రాజమండ్రి,
ఏప్రిల్ 14.

బాబాయిగారికి కీర్తి నమస్కారాలు.

నిన్న ఫణీంద్ర ఫోను చేశాడు. చేశాడని మీతో చెప్పొద్దన్నాడు. చెబుతున్నాను, నాకు దాచడం చాతకాదు.

వాడు మాట్లాడింది మాట్లాడినట్టు రాస్తున్నాను.

"అక్కా, శాలువా మాట తర్వాత చూద్దాం. నీ నీళ్ళు తాగి ఇంటికి వచ్చినరోజు రాత్రే నాన్నగారికి వాంతులు, విరోచనాలు. భీమవరం ఆసుపత్రిలో పడుకోబెట్టి సెలైన్లు ఎక్కించేం, తగ్గి మళ్ళీ తిరగబెడితే మూడు వారాలు ఉంచేసేరు. నీకు ఉత్తరం రాసింది ఆ మంచం మీద కూర్చునే. నువ్వేమో ఆయన నీమీద కుట్ర చేసేరంటావా?"

"మరి ఆయన నాకెందుకు చెప్పలేదురా?"

"ఏమని చెబుతారు? అమ్మాయి దగ్గరికి వెళ్ళి మంచినీళ్ళు తాగి జబ్బు పడ్డానని ఎక్కడైనా చెప్పుకుంటామా అన్నారు. డాక్టరుగారు ఏం తాగేరండీ అని అడిగితే, దారిలో చెరుకురసం అని చెప్పేరు."

ఫోను పెట్టేశాక ఆ బల్ల మళ్ళీ గుర్తుచేసుకున్నాను. ఎండలో పడి ఎవరొచ్చినా మనిళ్ళల్లో ముందు నీళ్ళ గ్లాసు ఇస్తాం. ఇచ్చింది ఒద్దనడం మీ తరానికి తెలీదు. తెల్లగుడ్డ మీద, గాజు గ్లాసుల్లో, అంత పొందిగ్గా పెట్టి అతిథి తాగకూడదనుకున్నాను. అట్టముక్క చదువుతారనుకున్నాను. కళ్ళజోడు లేకుండా, చెవి మిషను లేకుండా వచ్చిన మనిషి. నేను మైకులో అరిస్తే మీకు అందింది నా నోరు కదలడమే. తీసుకోండి బాబాయిగారూ అంటున్నాననుకుని నవ్వి ఉంటారు.

క్షమించమని అడిగితే మీరు "ఏంటమ్మా ఆ మాటలు" అంటారు, అంతటితో అయిపోతుంది. అందుకని అడగడం లేదు.

ఇంకోటి కూడా అడగడం లేదు. ఆ నీళ్ళు తాగి మీరు పడుకున్నారన్న మాట సభలో మీ నోట వస్తే ఆ గోడ మీద బొమ్మ ఊడిపోతుంది. మా దగ్గర ఎన్ని పరీక్షల కాగితాలున్నా మీ ఒక్క మాటకి సరిరావు. కానీ మీరు నోరు విప్పితే ముందు మీ చెరువులనే చూపిస్తారు. ఫణీంద్ర అప్పుడే భయపడుతున్నాడు. అందుకని అడగను. అడగనని ఇంత రాయడం కూడా అడగడమేనని నాకు తెలుసు.

ఒకటి మాత్రం అర్థం కాలేదు. జబ్బు పడి కూడా శాలువాకి ఎందుకు ఒప్పుకున్నారు? నా మీద కోపమైతే ఇంకోలా తీర్చుకోండి. అది కప్పించుకోకండి. నేను చూడలేను.

పిన్నికి నమస్కారాలు. ఆవిడ ఎందుకు మాట్లాడలేదో నాకు తెలుసు. మీకూ తెలిసే ఉంటుంది.

మీ కీర్తి

*

రాజులగరువు,
మే 20.

కీర్తమ్మకి,

బాబాయి దీవెన, పిన్ని దీవెన, ఈసారి కలిపే. మేం మాట్లాడుకుంటున్నాం.

శాలువాకి ఎందుకు ఒప్పుకున్నారన్నావు. వేదిక ఎక్కిస్తే మైకు ఇస్తారమ్మా. శాలువా కప్పించుకున్నవాడు రెండు ముక్కలు మాట్లాడకుండా దిగడు కదా. ఆ ముక్క అప్పుడే రాస్తే నువ్వు ఫోను చేసి వద్దని అరుద్దువు, నాకు వినపడకపోను, ఆసుపత్రిలో అందరూ లేద్దురు.

మొదట్లో, ఆ ఆఫీసు మనిషి రాకముందు, నేనూ ఊరుకుందామనే అనుకున్నాను. నీ బల్లని నలుగురిలో ఎలా తప్పుపట్టను? పిన్ని ఊరుకోలేదు. "మీ మర్యాద మన గుమ్మం లోపల. గోదారి గుమ్మం లోపలా? మీరిలా నోరు మూసుకుంటే, తాగి కూడా బాగున్నారని చెప్పి ఇంకొకళ్ళ పిల్లల చేత తాగిస్తారు" అంది. యాభై ఏళ్ళ కాపురంలో నాకు గట్టిగా వినపడిన మాట అదొక్కటే.

శాలువా సభలో నేను మాట్లాడింది నువ్వు విన్నావు. అయినా రాస్తాను, నేనేం అన్నానో నాకే సరిగ్గా వినపడలేదు, సరిచూసి చెప్పు. "ఆయ్, తాగేనండి. మా అమ్మాయి బల్ల మీద ఉన్నాయి గనక, మంచినీళ్ళే అనుకుని తాగేను. తాగి భీమవరం ఆసుపత్రిలో పడుకున్నాను. ఆ బొమ్మ పక్కన ఈ బొమ్మ కూడా అంటించండి. ఈ శాలువా నాకొద్దండి. మురుగుకాలువకి శ్లాబు కప్పుతున్నారు, నాకు శాలువా కప్పుతున్నారు. ఏది కప్పినా కింద పారేది అదేనండి." మడతపెట్టి బల్ల మీద పెట్టేను. ఇంతేనా?

ఆ తర్వాత, పిన్ని బలవంతాన పెట్టుకున్న చెవి మిషను కుయ్యోమంది, తీసి జేబులో పెట్టుకున్నాను. ఏం జరిగిందో ఒక్క ముక్క తెలీలేదు. ఆఫీసరు ఏదో అన్నాడు, కొందరు నవ్వేరు. అప్పాజీగారు చెంబు పట్టుకుని లేచేరు. చివర్లో మన కాలువ శివారు ఊరి నుంచి, రైతులం కట్టుకొచ్చిన బస్సులోనే వచ్చిన జ్ఞానమ్మ, ఆ వార్డు మెంబరు, లేచి నావైపు చూపిస్తూ మాట్లాడింది. జనం బల్లలు చరిచి చప్పట్లు కొట్టేరు. ఆవిడ నన్ను మెచ్చుకుంటోందని నేనూ కొట్టేను. తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఫణీంద్ర మొహం తిప్పుకుంటున్నాడు. అడిగితే "అక్కని అడగండి" అంటున్నాడు.

ఏమందమ్మా ఆవిడ? ఉన్నది ఉన్నట్టు రాయి. తేర్చి, వడగట్టి రాయకు.

బాబాయి

*

రాజమండ్రి,
జూన్ 12.

బాబాయిగారికి కీర్తి నమస్కారాలు.

ఈ ఉత్తరం మొదలుపెట్టడం, చింపడం, ఇదే పనిగా ఉన్నాను. ఆలస్యానికి కారణం అదే, పనులు కాదు.

మీరు మాట్లాడింది మీరు రాసినట్టే ఉంది. ఒక్క ముక్క మర్చిపోయారు. దిగేముందు "మా అమ్మాయి తప్పేం లేదండి, గ్లాసులు చాలా శుభ్రంగా ఉన్నాయి" అన్నారు. సభంతా నవ్వింది. నేను ఏడ్చాను.

ఆఫీసరు అన్నది ఇది: "పెద్దవారు, వయసు రీత్యా బయట ఏదైనా తిని ఉంటారండి." నవ్వింది అందుకే. అప్పుడు అప్పాజీగారు లేచారు. నెలల తరబడి ఎవరితోనూ అనొద్దన్న మనిషి. "నేను ఈ రేవులోనే పుట్టేనండి. ఇందులో మునిగే పెరిగేను. ఇవాళ ఆచమనానికి టిన్ను నీళ్ళు కొనుక్కుంటున్నాను. ఈ చెంబులోవి గోదారి నీళ్ళని చెప్పి జనం చేత తాగిస్తున్నాను. గోదారమ్మకి తెలుసు, నాకు తెలుసు. ఇప్పుడు మీక్కూడా తెలిసింది" అని చెంబు వేదిక అంచు మీద వంపేశారు. ఆఫీసరు బూట్లు తడిశాయి. పుష్కరాల ముందు ఈ మాట అన్న పురోహితుడికి బేరం ఉంటుందా, ఆలోచించండి. ఆయన ఆలోచించినట్టు లేరు.

తర్వాత జ్ఞానమ్మగారు. తేర్చకుండా రాయమన్నారు, రాస్తున్నాను.

"రాజుగారు పెద్దమనిషండి, తప్పు ఒప్పుకున్నారు. ఆ గ్లాసు ఆయన ఒక్కరోజు తాగేరు, ఆసుపత్రికి వెళ్ళేరు, బాగయ్యేరు. ఆయన రొయ్యల చెరువులు ఖాళీ చేసిన నీళ్ళు మా కాలువలోకి వస్తాయండి. మా మంచినీళ్ళ చెరువులోకి వస్తాయి. మేం రోజూ తాగుతున్నాం. ఆయన వద్దన్న శాలువా మాక్కప్పుతారా అండి? ఎవరు కప్పుతారు, రాజమండ్రోళ్ళా, భీమవరపోళ్ళా?"

చప్పట్లు దానికి, బాబాయిగారూ. మీరూ కొట్టారు. ఆవిడ వంక చూసి తల ఊపుతూ అందరికంటే ఎక్కువసేపు కొట్టారు. జ్ఞానమ్మగారు ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత మీకు దణ్ణం పెట్టింది. మీరు ఒప్పుకున్నారనుకుంది. సభ మొత్తం అలాగే అనుకుంది. మీకు వినపడలేదన్న సంగతి నాకూ, ఫణీంద్రకీ తప్ప ఎవరికీ తెలీదు. లేచి "ఆయనకి వినపడదండీ" అని చెప్పొచ్చు. నేను చెప్పలేదు. ఆ చప్పట్లు నిజమైతే బాగుండునని అనిపించింది. మీకు వినపడి ఉంటే కొట్టేవారో కాదో నాకు తెలీదు. మీకు తెలుసా?

శ్లాబు పని ప్రస్తుతానికి ఆగింది. తీసుకొచ్చి పడేసిన ఇనుము రేవులో తుప్పు పడుతోంది. మురుగు శుద్ధి చేస్తామని ఎవరూ అనలేదు. "రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, పరిశీలిస్తాం" అన్నారు. పరిశీలించేదాకా వదలం. ప్రిన్సిపల్‌గారు మళ్ళీ పిలిచారు. ఈసారి ఆ వద్దన్న మాటేదో కాగితం మీద రాసివ్వమన్నాను. రాసివ్వలేదు. సోమవారం ఫిర్యాదు పట్టుకుని వెళ్తున్నాం, అప్పాజీగారు ముందు నడుస్తానంటున్నారు. రేవులో బల్ల మళ్ళీ వేశాను. ఈసారి గ్లాసులకి మూతలు పెట్టాను. దాహం వేసినవాళ్ళకి వేరే కుండ పెట్టాను. మీరొస్తే ఆ కుండ దగ్గరికే వెళ్ళండి.

ఫిర్యాదులో మొదటి పేజీ అయిపోయింది. పాత పడవలరేవు మురుగుకాలువ, మా అపార్ట్‌మెంటు పైపు. మా అపార్ట్‌మెంటు పేరు రాసినందుకు అసోసియేషను వాళ్ళు నాతో మాట్లాడడం లేదు, లిఫ్టులో గోడకేసి నిలబడుతున్నారు. నిలబడనివ్వండి. కడుక్కున్నాకే మాట్లాడాలంటే ఎవరూ ఎప్పటికీ మాట్లాడరని నాకిప్పుడు గట్టిగానే తెలుసు. నా ప్రశ్నకి ఫిబ్రవరిలో మీరిచ్చిన జవాబు సరైనదే.

రెండో పేజీలో కాలువల్లోకి వచ్చే మిగతా మురుగు రాయాలి. అది లేకుండా ఇస్తే జ్ఞానమ్మగారు సంతకం పెట్టనంది. "మీ వాళ్ళది వదిలేసి ఇంకోళ్ళది రాస్తే ఇది గోదారి కోసం కాదమ్మా" అంది. ఆవిడ మాట న్యాయమే. రాజులగరువు చెరువులు అని రాస్తే, ఆఫీసుకి కావలసింది దొరుకుతుంది. మురుగుకాలువ జోలికి రాకుండా ముందు మీ గుమ్మంలోకే వస్తారు, తాగి నిజం చెప్పిన ఒక్క మనిషి మీదికి. అదీ నిజమే. మీరు ఆ గుంట తవ్వించి ఉంటే నాకీ చిక్కు ఉండేది కాదు. ఈ మాట మీతో పోట్లాడటానికే రాస్తున్నాను, బాబాయిగారూ, జవాబు ఇవ్వండి.

కాలువకి నీళ్ళు వదిలారని రేడియోలో చెప్పారు. ఈ ఉత్తరం కంటే ముందు అవే మీ ఊరు చేరతాయేమో.

ఆదివారం రాత్రిలోగా రెండో పేజీ రాయాలి. మీ పేరు అందులో ఉండాలా, ఉండకూడదా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

మీ అమ్మాయి,
కీర్తి